మందుల ఖర్చు – జాతి విచక్షణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో డాక్టరు రాసిన మందులకు ఏ కుటుంబం ఎంత ఖర్చు పెడుతున్నదో ఇంటింటా అడిగి లెక్కలు తీసే పద్ధతి కొన్ని దశాబ్దాలుగా ఉన్నది. ఆ లెక్కలు పదే పదే ఒక విషయం చెపుతూ వచ్చాయి. తలసరిన చూస్తే తెల్లవారికయ్యే మందుల ఖర్చు ఎక్కువ. నల్లజాతి వారికీ, లాటిన్ అమెరికా దేశాల నుండి వచ్చి స్థిరపడిన వారికీ అయ్యే ఖర్చు తక్కువ. వయస్సు, జబ్బు, ఆదాయం ఒకే విధంగా ఉన్నవారిని తీసుకుని పోల్చినప్పటికీ ఈ తేడా పూర్తిగా మాసిపోలేదని చాలా అధ్యయనాలు తేల్చాయి.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు. ఖర్చు తక్కువైందంటే అవసరమే తక్కువని చదవటం ఒక పద్ధతి. ఖర్చు తక్కువైందంటే అందవలసింది అందలేదని చదవటం రెండో పద్ధతి. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి నల్లజాతి ప్రజలలో తెల్లవారిలో కంటె ఎక్కువగా ఉన్నాయి గనక మొదటి పద్ధతి ఒక్క నిమిషం కూడా నిలవకూడదు. అయినప్పటికీ అమెరికాలో బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, ఇటీవలి కాలంలో ఆస్పత్రుల్లోని కంప్యూటర్లు సైతం ఆ మొదటి పద్ధతినే నమ్ముకుని నిర్ణయాలు చేశాయి. అందులో అజ్ఞానం పాలు కొంత ఉంటే ఉండవచ్చు. అలా చదవటం చవక అన్నది అంతకంటె బలమైన కారణం.

ఖర్చు అనే ఆ ఒక్క అంకెలో నూరేళ్ల పైబడిన చరిత్ర పేరుకుని ఉన్నది. ఆ చరిత్రను పక్కకు నెట్టి అంకెను మాత్రమే అవసరానికి కొలబద్దగా వాడితే పాత అన్యాయం కొత్త లెక్కగా మారి మళ్లీ అదే మనుషుల మీద పడుతుంది. ఇది ఎలా జరిగిందో చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. బీమా కంపెనీ శాస్త్రం

1865లో అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. విముక్తులైన వారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన శాఖ కొన్ని ఆస్పత్రులు తెరిచింది గాని, కొద్ది సంవత్సరాలలోనే వాటిలో చాలావాటిని మూసివేసింది. దున్నుకునేందుకు భూమి ఇవ్వకుండా, జబ్బు చేస్తే వెళ్లేందుకు ఆస్పత్రి లేకుండా లక్షలాది మందిని ‘స్వేచ్ఛ’లోకి వదిలారు. ఆ స్వేచ్ఛలో క్షయ, న్యుమోనియా, శిశుమరణాలు పెచ్చుపెరిగాయంటే ఆశ్చర్యం లేదు.

ఆ చావులను లెక్కగట్టవలసిన అవసరం మొట్టమొదట బీమా కంపెనీలకు కలిగింది. కార్మికుల ఇళ్లకు వారం వారం తిరిగి చిల్లర డబ్బులు వసూలు చేసే ప్రుడెన్షియల్ కంపెనీ 1881లో ఒక నిర్ణయం చేసింది. నల్లవారు తెల్లవారితో సమానంగానే ప్రీమియం కట్టాలి, కాని చనిపోయినప్పుడు వారి కుటుంబానికి మూడో వంతు తక్కువ ముడుతుంది. కొన్ని రాష్ట్రాలు దీన్ని నిషేధిస్తూ చట్టాలు చేసినాక కంపెనీలు నల్లవారి పాలసీలు కోరి తీసుకోవటమే మానుకున్నాయి.

చేసినదానికి శాస్త్రం మద్దతు కావాలి గదా. ప్రుడెన్షియల్‌లో గణాంకవేత్తగా పనిచేసిన ఫ్రెడరిక్ హాఫ్మన్ 1896లో నల్లజాతి లక్షణాల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ దాన్ని ప్రచురించింది. పట్టికల మీద పట్టికలు పేర్చి ఆయన తేల్చిందేమంటే, నల్లవారి చావులకు కారణం వారి బ్రతుకు పరిస్థితులు కావు, వారి జాతి స్వభావమే. ఆ జాతి క్రమంగా అంతరించిపోతుంది. అలాంటి జాతికి బీమా ఇవ్వటం గాని, దాని ఆరోగ్యం మీద ఖర్చు పెట్టటం గాని దండగ అనే నిర్ణయానికి ఎవరైనా ఇక్కడి నుండి సులభంగా రావచ్చు.

దీనికి సమాధానం చెప్పినవాడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్. అంతకు ముందే ఆయన ఫిలడెల్ఫియా నగరంలోని ఏడవ వార్డులో గడప గడపకూ వెళ్లి సమాచారం సేకరించటం మొదలుపెట్టాడు. ఆ పరిశోధన 1899లో పుస్తకంగా వచ్చింది. 1906లో అట్లాంటా విశ్వవిద్యాలయం తరపున నల్లజాతి ఆరోగ్యం మీద మరొక సంపుటం వెలువరించాడు. ఆయన వాదం సూటిగా ఉంటుంది. ఐరోపా నగరాలలోని తెల్లజాతి పేదలు కూడా ఇదే విధంగా చస్తున్నప్పుడు జాతి స్వభావం అనే మాటకు అర్థమేమిటి? ఇరుకు ఇళ్లు, చెడ్డ నీరు, చాలని కూలి, అందని వైద్యం – ఈ నాలుగింటినీ తీసివేస్తే హాఫ్మన్ పట్టికల్లో మిగిలేదేమిటి? ఈ డుబాయిసే 1961లో, తొంభయ్యో పడి దాటిన తరువాత, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1963లో ఆక్రాలో కన్నుమూశాడు. ఆయన రాజకీయ జీవితం మన పాఠకులకు తెలిసినదే. గణాంకాలను గణాంకాలతోనే ఎదుర్కొన్న ఈ తొలినాటి కృషిని మాత్రం మనం తగినంతగా గమనించలేదు.

2. డాక్టరు, ఆస్పత్రి

మందు కొనాలంటే ముందు దాన్ని రాసే డాక్టరు ఉండాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కు చెందిన స్థానిక సంఘాలు, దక్షిణాది రాష్ట్రాలలో మరీ ముఖ్యంగా, నల్లజాతి డాక్టర్లను సభ్యులుగా చేర్చుకోలేదు. స్థానిక సంఘంలో సభ్యత్వం లేకపోతే చాలా ఆస్పత్రుల్లో రోగిని చేర్చి వైద్యం చేసే హక్కు కూడా ఉండదు. అందుకే నల్లజాతి వైద్యులు 1895లో నేషనల్ మెడికల్ అసోసియేషన్ పేరుతో వేరు సంఘం పెట్టుకున్నారు. పాత సంఘం తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పటానికి 2008 దాకా పట్టింది.

1910లో ఎబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్య కళాశాలల మీద సమర్పించిన నివేదిక వైద్యవిద్య స్థాయిని పెంచింది. దానికి గౌరవం దక్కవలసిందే. కాని అప్పుడున్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో ఐదు ఆ తరువాత మూతపడ్డాయి. హోవార్డ్, మెహారీ రెండే మిగిలాయి. మూతపడిన వాటి స్థానంలో మెరుగైన కళాశాలలు కట్టించే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. తెల్లవారి కళాశాలల తలుపులు తెరుచుకోనూ లేదు. ఉన్నత ప్రమాణాల పేరుతో ఒక ప్రజాసమూహానికి తరాల తరబడి వైద్యుల కొరత ఏర్పడింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్రజాధనంతో దేశమంతటా ఆస్పత్రులు కట్టించేందుకు 1946లో హిల్–బర్టన్ చట్టం వచ్చింది. ‘వేరుగానే అయినా సమానంగా’ అనే షరతు దానిలోనే రాసి ఉన్నది. అంటే నల్లవారిని దూరంగా ఉంచే ఆస్పత్రికి కూడా కేంద్ర నిధులు చట్టబద్ధంగా అందుతాయి. ఉత్తర కెరొలీనాలోని గ్రీన్స్‌బరోలో జార్జి సిమ్‌కిన్స్ అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు కోర్టుకెక్కి పోరాడిన మీదట 1963లో ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. చట్టం పుట్టిన పదిహేడేళ్ల తరువాత!

అలబామాలోని టస్కీగీ ప్రాంతంలో ఈ కాలంలోనే నడిచిన వ్యవహారం గురించి వేరే చెప్పాలి. 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ 600 మంది పేద నల్లజాతి పురుషులను పరిశోధనకు తీసుకున్నది. వారిలో 399 మందికి సవాయి రోగం ఉన్నది. మందు వేయకపోతే ఆ రోగం ఎలా ముదురుతుందో చివరిదాకా గమనించటమే పరిశోధన లక్ష్యం. 1947 నాటికి పెన్సిలిన్ ఆ రోగానికి స్థిరపడిన మందు అయింది. ఆ మందు ఖరీదైనదీ కాదు, దొరకనిదీ కాదు. అయినా 1972లో పత్రికలు బయటపెట్టేదాకా వారికి ఇవ్వలేదు. ఖర్చుల పట్టికలో ఈ మనుషుల పేర్ల ఎదుట మందు ఖర్చు సున్న అని పడుతుంది. ఆ సున్నను చూసి ఆరోగ్యవంతులనుకునే గణాంకవేత్తను ఏమనాలి?

3. మందుచీటీ, ధర, ఉద్యోగం

డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులను, చీటీ లేకుండా అమ్మదగిన మందులను చట్టరీత్యా వేరుచేసింది 1951లో వచ్చిన డరాం–హంఫ్రీ సవరణ. ప్రజారక్షణకు అది అవసరమే. కాని దానివల్ల మందు దగ్గరికి పోయే దారిలో డాక్టరు ఒక గుమ్మం అయినాడు. ఆ గుమ్మం ఎవరికి తెరిచి ఉన్నదో పైన చూశాం.

రెండో గుమ్మం బీమా. అమెరికాలో ఆరోగ్య బీమా పౌరసత్వంతో గాక ఉద్యోగంతో ముడిపడింది. 1942లో యుద్ధకాలపు చట్టం కూలిరేట్లను స్తంభింపజేసింది. బీమా వంటి సదుపాయాలను మాత్రం ఆ నిర్బంధం నుండి మినహాయించారు. కార్మికులను ఆకర్షించటానికి యజమానులు బీమా ఇవ్వసాగారు. 1954 పన్ను చట్టం దానికి రాయితీని ఖాయం చేసింది. బలమైన యూనియన్లున్న పెద్ద పరిశ్రమల్లో ఇది కార్మికుల విజయమే. అయితే ఆ పరిశ్రమల్లో మంచి ఉద్యోగాలు ఎవరివి? 1935 నాటి సామాజిక భద్రతా చట్టమే వ్యవసాయ కూలీలను, ఇళ్లల్లో పనిచేసే వారిని వదిలివేసింది. నల్లజాతి కార్మికుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది అప్పట్లో ఈ రెండు పనుల్లోనే ఉన్నారు. మెక్సికో నుండి వచ్చి పళ్లతోటల్లో పనిచేసేవారి స్థితీ ఇంతే. పొలంలో వంగి పనిచేసే మనిషికి, వంటింట్లో గిన్నెలు తోమే మనిషికి పింఛనూ లేదు, బీమా లేదు. మందు కొనాలంటే రొక్కం లెక్కపెట్టాలి.

రొక్కం పెట్టి కొనేవాడికి ధర అంటే ఏమిటో 1959లో లోకానికి తెలిసింది. టెనెసీ సెనేటరు ఎస్టెస్ కీఫావర్ అధ్యక్షతన గుత్తాధిపత్య వ్యతిరేక ఉపసంఘం మందుల కంపెనీలను విచారణకు పిలిచింది. ఒకటిన్నర సెంటు చిల్లర పడే ప్రెడ్నిసొలోన్ మాత్రను షెరింగ్ కంపెనీ షాపులకు 17.9 సెంట్లకు అమ్ముతున్నదని బయటపడింది. పరిశోధన, ప్రచారం కలిపి లెక్కగట్టాలన్నది కంపెనీల జవాబు. 1962లో చట్టం వచ్చేటప్పటికి మందు భద్రత, గుణం రుజువు చేయాలన్న అంశాలు నిలిచాయి. ధరను తాకే అంశాలు జారిపోయాయి.

ఆ విచారణలో మన దేశం ప్రస్తావన కూడా వచ్చింది. మొత్తం మీద మందుల ధరలు అత్యధికంగా ఉన్న దేశాలలో భారతదేశం ఒకటని కీఫావర్ సంఘం నివేదికలో పేర్కొన్నది. ఆ పేద దేశం, ఆ సంపన్న దేశంలోని పేదలు ఒకే కంపెనీల పేటెంటుకు కప్పం కడుతున్నారన్నమాట. మనవాళ్లు దీనికి వెతికిన మార్గం ప్రసిద్ధమే. సోవియట్ సహాయంతో హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. కర్మాగారం, 1970 పేటెంటు చట్టం, వాటి నీడలో పెరిగిన మందుల పరిశ్రమ. అమెరికాలో నేడు మందుచీటీల మీద అమ్ముడయ్యే వాటిలో పదింట తొమ్మిది వంతులు జెనరిక్ మందులే. వాటిలో చెప్పుకోదగిన భాగం భారతదేశం నుండి, అందులోనూ హైదరాబాదు చుట్టుపక్కల నుండి వెళ్లేవే. కాని అక్కడి మొత్తం మందుల ఖర్చులో ఈ జెనరిక్ మందుల వాటా అయిదో వంతు లోపు. మిగిలిన ధనమంతా పేటెంటు ఉన్న కొద్దిపాటి మందులు లాక్కుంటున్నాయి.

ఇంకొక సంబంధం చెప్పకుండా ఈ భాగం ముగించలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న కాలంలో అక్కడ బెంజమిన్ డగర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. ఆ మందును 1948లో మొదటిసారి మనుషుల మీద ప్రయోగించి చూసినది న్యూయార్కులోని హార్లెం ఆస్పత్రిలో, లూయీ రైట్ అనే నల్లజాతి శస్త్రవైద్యుని బృందం. ఈ రైట్ చాలా ఏళ్లు నల్లజాతి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. పాలకమండలికి అధ్యక్షుడు. ఒక తెలుగువాడు నడిపిన పరిశోధన, ఒక నల్లజాతి వైద్యుని చికిత్స, హార్లెం రోగుల దేహాలు – ఈ మూడూ కలిసి ప్రపంచానికి కొత్త మందును ఇచ్చాయి. ఆ తరగతి మందుల ధరలను కుమ్మక్కై నిలబెట్టారన్న అభియోగం మీద లెడర్లీ మాతృసంస్థతో సహా కొన్ని పెద్ద కంపెనీల మీద 1958లో ప్రభుత్వ వ్యాపార సంఘం చర్య మొదలుపెట్టవలసి వచ్చింది. శ్రమ అందరిదీ, ధర మాత్రం కంపెనీది.

4. 1965లో వచ్చింది, రానిది

వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అనే ఆలోచనను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రాణాలకు తెగించి వ్యతిరేకించింది. 1961లో సినిమా నటుడు రొనాల్డ్ రీగన్ చేత ‘సోషలిస్టు వైద్యా’నికి వ్యతిరేకంగా గ్రామఫోను రికార్డు చేయించి పంచింది. నల్లజాతి వైద్యుల సంఘం మాత్రం ఆ ఆలోచనను బలపరిచింది. పౌరహక్కుల ఉద్యమం వీధుల్లో ఉన్న ఆ రోజుల్లో, 1965 జూలై 30న, అరవై అయిదేళ్లు నిండినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ చట్టమైనాయి. జాతి విచక్షణ పాటించే ఆస్పత్రికి మెడికేర్ సొమ్ము రాదనే నిబంధన 1966లో అమలులోకి రాగా, కొద్ది నెలలలో వెయ్యికి పైగా ఆస్పత్రులు తమ వార్డుల మధ్య గోడలు తీసివేశాయి. దశాబ్దాల తరబడి నీతిబోధలు చేయలేని పనిని ఒక బలమైన ఉద్యమం, నిధుల మీద అదుపు కలిసి చేశాయి.

అయితే ఆ చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉన్నది. ఆస్పత్రిలో పడుకున్నప్పుడు ఇచ్చే మందుకు మెడికేర్ డబ్బిస్తుంది. ఇంటికి వచ్చాక రోజూ వేసుకోవలసిన మందుకు అప్పట్లో ఇచ్చేది కాదు. ఉద్యోగపు బీమా మిగుల్చుకుని రిటైరైనవారు దీన్ని గట్టెక్కారు. ఆ ఉద్యోగాలు ఎన్నడూ ఎరుగనివారు మాత్ర సగానికి విరిచి వేసుకున్నారు. 1985లో కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి మార్గరెట్ హెక్లర్ వెలువరించిన నివేదిక నల్లజాతి, ఇతర మైనారిటీ ప్రజలలో ఏటా సుమారు 60,000 అదనపు మరణాలు సంభవిస్తున్నాయని ఒప్పుకున్నది.

1988లో మందులకు కూడా మెడికేర్ వర్తించేలా చట్టం వచ్చింది. దాని మీద సంతకం చేసిన అధ్యక్షుడు ఆ రీగనే. ఖర్చును వృద్ధులలోని సంపన్నుల మీద అదనపు పన్నుగా వేయగా వారు అల్లరి చేశారు. 1989లో చట్టం రద్దయింది. చివరికి 2003లో చేసిన చట్టం 2006 నుండి అమలైంది. అంటే మెడికేర్ పుట్టిన నలభయ్యేళ్లకు. ఆ చట్టంలో కూడా కంపెనీలతో ధర బేరమాడకూడదని ప్రభుత్వం చేతులు తానే కట్టేసుకుంది. 2006లో ఒక మనిషి మందుల ఖర్చు 2,250 డాలర్లు దాటిందంటే, 5,100 డాలర్లకు చేరేదాకా మొత్తం తన జేబులోంచే పెట్టుకోవాలి. దాచుకున్న డబ్బు ఉన్నవాడు ఈ గుంటను దాటుతాడు. లేనివాడు గట్టు మీదే ఆగిపోతాడు. అతని ఖర్చు అక్కడితో నిలిచిపోతుంది. మళ్లీ పట్టికలో తక్కువ అంకె!

వలస వచ్చినవారి మీద 1996 సంక్షేమ చట్టం ఇంకొక అడ్డు పెట్టింది. చట్టబద్ధంగా వచ్చినవారిలో కూడా చాలామందికి మొదటి అయిదేళ్లు మెడికెయిడ్ వర్తించదు. 2010 చట్టం మెడికెయిడ్‌ను విస్తరించగా, అది రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. బానిసత్వాన్ని నిలుపుకోవటానికి 1860–61లో విడిపోయిన పదకొండు రాష్ట్రాలలో ఏడు 2024 నాటికి కూడా ఆ విస్తరణను అంగీకరించలేదు.

5. వర్గమా, జాతా?

మన వాదనాపద్ధతికి అలవాటుపడిన విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాడు. ఇదంతా పేదరికం కథే గదా, జాతి ప్రసక్తి ఎందుకు? ఈ ప్రశ్నలో బలం ఉన్నది. 1981లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మెడికెయిడ్ రోగికి నెలకు మూడు మందులే ఇస్తామని పరిమితి పెట్టింది. అక్కడి జనాభాలో అత్యధికులు తెల్లవారు. మందుల ఖర్చు తగ్గింది. దానితోపాటు ఎక్కువ మందులు వాడే వృద్ధులు ఇల్లు విడిచి నర్సింగుహోముల్లో చేరటం పెరిగింది. పేద తెల్లవాడి మీద కూడా ఈ వ్యవస్థ జాలి చూపదు.

కాని వర్గం ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదని వేరే సాక్ష్యాలు చెపుతున్నాయి. 1993లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక ఆస్పత్రి అధ్యయనం వచ్చింది. చేతి ఎముకో కాలి ఎముకో విరిగి వచ్చిన తెల్లవారిలో 26 శాతం మందికి నొప్పి తగ్గే మందు ఇవ్వలేదు. లాటిన్ అమెరికా సంతతివారిలో 55 శాతం మందికి ఇవ్వలేదు. ఒకే ఆస్పత్రి, ఒకే దెబ్బ. 2000లో న్యూయార్కులో మందుల షాపులను పరిశీలించగా, తెల్లవారు ఎక్కువగా ఉన్న పేటల్లో 72 శాతం షాపుల్లో తీవ్రమైన నొప్పికి సరిపడే మందుల నిల్వ ఉన్నది. తెల్లవారు తక్కువగా ఉన్న పేటల్లో 25 శాతం షాపుల్లోనే ఉన్నది. జేబులో డబ్బుండి, చేతిలో చీటీ ఉండి కూడా మందు దొరకని స్థితి ఇది. జాతి విచక్షణ ఒకసారి పుట్టాక షాపు బీరువాలో, డాక్టరు అనుమానంలో, పేట సరిహద్దులో స్వతంత్రంగా బ్రతుకుతుంది. వర్గవిశ్లేషణ ఈ వాస్తవాన్ని తనలో ఇముడ్చుకోవాలి గాని దాటవేయకూడదు.

దీనికి ఎదురు పొరపాటు ఇంకొకటున్నది. జాతి అనే మాటను వర్గం నుండి విడదీసి రక్తంలో వెతకటం. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గుండె బలహీనతకు బైడిల్ అనే మందును నల్లజాతి రోగులకే అని పేరుపెట్టి ఆమోదించింది. అందులో ఉన్నవి రెండు పాత జెనరిక్ మందులు. వాటిని ఒక మాత్రలో కలిపి, విడివిడిగా కొంటే అయ్యేదానికి ఎన్నో రెట్ల ధర పెట్టారు. జాతి పేరుతో కంపెనీకి పేటెంటు కాలం పెరిగింది. హాఫ్మన్ జాతి స్వభావం పేరు చెప్పి డబ్బు ఎగ్గొట్టాడు. ఈ కంపెనీ అదే పేరు చెప్పి డబ్బు గుంజబోయింది. మందు పెద్దగా అమ్ముడుపోక 2008లో ఆ కంపెనీ ప్రచారం విరమించుకున్నది.

ఎక్కువ ఖర్చే ఆరోగ్యమని కూడా భ్రమపడరాదు. 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్ అనే నొప్పిమందు అలవాటుగా మారే ప్రమాదాన్ని తగ్గించి చెప్పి విచ్చలవిడిగా అమ్మారు. ఆ నేరాన్ని 2007లో కంపెనీ అనుబంధ సంస్థ కోర్టులో ఒప్పుకున్నది. నల్లవారి నొప్పిని నమ్మని డాక్టర్లు తెల్లవారికి ఈ మందు ధారాళంగా రాశారు. మొదటి దశాబ్దంలో ఆ మందుల చావులు తెల్లజాతి శ్రామిక కుటుంబాల్లోనే ఎక్కువ. ఒకరికి అందవలసింది అందకపోవటం, ఇంకొకరికి అందకూడనిది అందటం – రెండింటినీ నడిపించింది లాభమూ, దురభిప్రాయమూనే. ఖర్చును ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టుకున్నవాడు రెండు వైపులా మోసపోతాడు.

6. లెక్క మళ్లీ మొదటికి

2003 చట్టంలో ఒక మంచి సదుపాయం ఉన్నది. అనేక జబ్బులతో అనేక మందులు వాడే వృద్ధుల మందులన్నింటినీ ఫార్మసిస్టు కూర్చుని సమీక్షించి సలహా చెప్పాలి. దీనికి ఎవరు అర్హులు? ఇతర షరతులతోపాటు ఏడాది మందుల ఖర్చు 4,000 డాలర్లు చేరేవారు. 2010లో దాన్ని 3,000కు దించారు. ఏటేటా పెంచుతూ పోగా 2024 నాటికి 5,330 అయింది. ఒకే జబ్బులున్నా నల్లవారికీ, లాటిన్ అమెరికా సంతతివారికీ మందుల ఖర్చు తక్కువ గనక, ఈ సహాయానికి అర్హులయ్యే అవకాశం వారికి తెల్లవారి కంటె తక్కువని పరిశోధకులు పలుమార్లు చూపారు. మందు సరిగా అందనివాడికి, అందలేదు కాబట్టే, సలహా కూడా అందదు! 2025లో ఈ హద్దును 1,623 డాలర్లకు దించారు.

ఇదే తర్కం కంప్యూటరులోకి ఎలా ఎక్కిందో 2019 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం బయటపెట్టింది. ఏ రోగికి ప్రత్యేక శ్రద్ధ అవసరమో ముందుగా చెప్పే ఒక లెక్కల విధానాన్ని అమెరికా ఆస్పత్రులు అప్పట్లో విస్తారంగా వాడుతుండేవి. అందులో జాతి అనే గడి లేదు. అందువల్ల నిష్పాక్షికం అనుకున్నారు. కాని అది అవసరాన్ని కొలిచిన కొలబద్ద వైద్యఖర్చు. ఒకే సంఖ్యలో దీర్ఘవ్యాధులున్న తెల్లవారితో పోలిస్తే నల్లవారి మీద ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చవుతున్నది. యంత్రం దాన్ని ఆరోగ్యం అనుకున్నది. పొరపాటు సరిదిద్దితే ప్రత్యేక శ్రద్ధకు ఎంపికయ్యేవారిలో నల్లవారి శాతం 17.7 నుండి 46.5కు పెరుగుతుందని పరిశోధకులు తేల్చారు.

హాఫ్మన్‌కు దురభిప్రాయం ఉన్నది. ఈ యంత్రానికి అదీ లేదు. అయినా ఇద్దరూ ఒకే చోటికి చేరారు. కారణం ఇద్దరి చేతిలో ఉన్నదీ బీమా కంపెనీ లెక్కల పుస్తకమే కావటం. ఆ పుస్తకంలో మనిషి ఖర్చుగా కనపడతాడు. ఖర్చు లేని మనిషి కనపడడు.

2022లో వచ్చిన చట్టం కొన్ని మందుల ధరలను బేరమాడే హక్కు మెడికేర్‌కు ఇచ్చింది. 2023 నుండి మెడికేర్ రోగులు ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి కట్టనక్కరలేదు. 2025లో ఏడాదికి మందుల మీద 2,000 డాలర్లకు మించి పెట్టనక్కరలేకపోయింది. బేరమాడి తగ్గించిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరి 1 నుండి అమలయ్యేలా నిర్ణయించారు. కనిపెట్టినవారు 1923లో ఒక్కొక్క డాలరుకు పేటెంటు వదులుకున్న ఇన్సులిన్‌కు పరిమితి రావటానికి నూరేళ్లు పట్టిందన్నది మరచిపోకుండానే దీన్ని విజయమని ఒప్పుకోవాలి. ప్రజల ఒత్తిడి లేనిదే ఇంతమాత్రం కూడా వచ్చేది కాదు. కాని ఈ చట్టపు రక్షణ ప్రధానంగా మెడికేర్‌లో ఉన్నవారికే. అరవై అయిదేళ్లు నిండకముందే మధుమేహంతో బాధపడే తోట కూలీకి, హోటల్లో గిన్నెలు కడిగే స్త్రీకి, బీమా లేని మనిషికి ఇది ఇంకా దూరంలోనే ఉన్నది.

గృహవ్యయ పట్టికలు మన దేశంలోనూ ఉన్నాయి. వాటిని మన విద్యార్థులు పరీక్షలకు చదువుతారు, ఉపాధ్యాయులు బోధిస్తారు. పట్టికలో ఒక వరుసకు ఎదురుగా చిన్న అంకె కనపడ్డప్పుడు, ఆ అంకె దగ్గర ఆగి, అక్కడిదాకా రాకుండా ఏ ఏ గుమ్మాల దగ్గర ఎవరు ఎవరిని ఆపారో విచారించటం నేర్చుకోవాలి. డుబాయిస్ ఏడవ వార్డులో గడప గడపకూ తిరిగి చేసింది ఈ పనే. ఆ పని యంత్రానికి అప్పజెప్పేది కాదు.